ఎర్ర వైరు ముక్క

పెద్దమేస్త్రి నోటికి జడవని వాళ్ళు ఆ వీధిలో లేరు. బండిని షాపు ముందు ఆపి, "బ్యాటరీ పోయిందండీ, కొత్తది వేసెయ్యండి" అన్నవాడి పని ఇక అయిపోయినట్టే. "రోగం నువ్వే చెప్పి, మందూ నువ్వే చెబితే, మధ్యలో నేనెందుకయ్యా, ఈగలు తోలడానికా?" అని ఎగిరిపడేవాడు. ఎగిరిపడుతూనే స్టూలు లాక్కుని బండి పక్కన కూర్చునేవాడు. చివరికి బ్యాటరీ నిక్షేపంలా ఉందనీ, ఎక్కడో మూల ఒక నట్టుకి తుప్పు పట్టిందనీ తేల్చి, ఆ తుప్పు గీకి బిగించి పంపేసేవాడు. ఆ తిట్లు తినడానికి జనం ఊరి అవతలి కొసనుంచి కూడా వచ్చేవాళ్ళు. అదేం పిచ్చో మరి.

ఆటో ఎలక్ట్రికల్ షాపు అది. ఇనప షట్టరు, లోపల పొడుగాటి బల్ల, బల్ల కింద విప్పేసిన డైనమోలు, గోడ మేకులకి రంగురంగుల వైర్ల చుట్టలు. అన్నదమ్ములిద్దరిదీ. అన్న పెద్దమేస్త్రి, తమ్ముడు చిన్నమేస్త్రి. అంతకు మించి పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. తండ్రి పోయేనాటికి తమ్ముడు ఇంకా బడికి వెళ్ళే వయసులో ఉన్నాడు. అన్నే తిండి పెట్టాడు, అన్నే పని నేర్పాడు. నేర్పడమంటే మామూలుగానా? వైరు కొన వెంట్రుకవాసి ఎక్కువ ఒలిస్తే నెత్తిన మొట్టికాయ పడేది. "ఆ మొట్టికాయలకే నా జుట్టు ఊడింది" అని చిన్నమేస్త్రి ఇప్పటికీ బట్టతల తడుముకుంటూ అంటాడు.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. దాని సంగతి ముందే చెప్పుకోవాలి. ఏ బండిలోనైనా బ్యాటరీ రెండు కొనల్లో ఒకదాన్ని బండి ఇనుముకి, అంటే బాడీకి, బిగిస్తారు. దాన్నే ఎర్తు అంటారు. ఈనాటి బళ్ళన్నిటికీ మైనస్సు బాడీకి. పూర్వకాలపు బళ్ళు కొన్నిటికి మాత్రం తిరగేసి, ప్లస్సు బాడీకి. అలాంటి పాతబండిని ఎవరైనా కొత్త పద్ధతికి మారిస్తే, మార్చినవాడు హ్యాండిలుకి ఒక ఎర్ర వైరు ముక్క ముడేసి కట్టాలి. తర్వాత చెయ్యిపెట్టేవాడు దాన్ని చూసి జాగ్రత్తపడతాడు. "కట్టకుండా వదిలేసినవాడు మేస్త్రీ కాదు, మనిషీ కాదు" అనేవాడు పెద్దమేస్త్రి. ఒకసారి తమ్ముడు మర్చిపోతే, ఎర్రటి ఎండలో సైకిలెక్కించి ఆ బండివాడి ఇల్లు వెతుక్కుంటూ పంపించాడు మహానుభావుడు. ముక్క కట్టి వచ్చాకే అన్నం.

ఇక ఆయన సొంత బండి గురించి చెప్పుకోవాలంటే ఒక పూట పడుతుంది. పెళ్ళయిన కొత్తలో పాతసామాన్ల కొట్టులో దొరికింది, చక్రాలు కూడా లేకుండా. "ఈ ఇనప శవాన్ని ఇంట్లోకి తెస్తే నేను పుట్టింటికి పోతా" అందట ఆయన భార్య. శవం ఇంట్లోకొచ్చింది, ఆవిడా ఎక్కడికీ పోలేదు. ఏళ్ళు పట్టింది దాన్ని నిలబెట్టడానికి. నిలబడ్డాక మాత్రం ఆ బండి మీద తప్ప ఆయన ఇంకో బండి మీద కాలు వెయ్యలేదు. తాళంచెవితో నడిచే బండి కాదది. ఇంజనుకి నిప్పురవ్వ మాగ్నెటో ఇస్తుంది, కిక్కు కొడితే చాలు. డైనమో ఉన్నది లైటుకీ హారనుకీ, బ్యాటరీకి ఛార్జింగు ఎక్కించడానికీ. హెడ్‌లైటు నెత్తిమీద చిన్న అమ్మీటరు ఉంది. ముల్లు కుడివైపు ఊగితే ఛార్జింగు ఎక్కుతున్నట్టు, ఎడమవైపు పడితే దిగుతున్నట్టు. బండి తీసిన ప్రతిసారీ దాన్ని బొటనవేలి గోటితో రెండుసార్లు టకటకా తట్టి చూసుకునేవాడు.

ఆదివారం పొద్దున మాత్రం ఆయన్ని ఎవరూ కదిలించకూడదు. వరండాలో గోనెపట్టా పరుచుకుని, బ్యాటరీ విప్పి, కొనలు బ్రష్షుతో గీకి, నీళ్ళు చాలకపోతే పోసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించేవాడు. "పసిపిల్లకి నలుగు పెట్టినట్టు" అని భార్య, అంటే చిన్నమేస్త్రి వదిన, సణుగుతూ టీ గ్లాసు పక్కన పెట్టిపోయేది. ఈ బండికి ప్లస్సు బాడీకి. ఆయనకది నిద్రలో లేపి అడిగినా తెలుసు.

తెలుసనే అందరూ అనుకున్నారు.

ఒక సాయంత్రం, మసక చీకట్లో, పెద్దమేస్త్రి చెయ్యి గీరుకుపోయి, చొక్కా నిండా మట్టితో ఇంటికొచ్చాడు. గోదాములోంచి వెనక్కి వస్తున్న లారీ ఆయన్ని చూసుకోలేదట. పక్కకి తప్పుకోబోయి బండితో సహా కాలవలో పడ్డాడు. కబురందగానే చిన్నమేస్త్రి ఒక్క పరుగున వచ్చి చూస్తే, అన్న మోచేతికి మందు రాయించుకుంటూ లారీ డ్రైవరు ఏడు తరాలనూ తిడుతున్నాడు. హమ్మయ్య, ఏమీ కాలేదు అనుకున్నాడు. వరండాలోకెళ్ళి బండి స్టార్టు చేసి చూస్తే హెడ్‌లైటు బొత్తిగా ఆరిపోయే దీపంలా ఉంది.

"అదీ సంగతి. లైటు లేకపోతే వాడికెలా కనిపిస్తుంది వదినా? ఛార్జింగు దొబ్బింది" అన్నాడు.

వదిన గుమ్మం దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఆ గోదాములు మన దారిలో ఉన్నాయా? నువ్వే చెప్పు. షాపు నుంచి ఇంటికి రావాల్సిన మనిషి అటెందుకు పోయాడు?"

"ఏదో పనుండి ఉంటుంది."

"పనీ లేదు, పాడూ లేదు. మలుపు దాటిపోయాడు. నిన్న నన్ను పట్టుకుని పాలవాడికి డబ్బులిచ్చావా అని నాలుగుసార్లు అడిగాడు. ఆ బండిని బాగుచెయ్యకయ్యా. నీకు దణ్ణం పెడతా. అలాగే పడి ఉండనీ."

"భలేదానివే వదినా. వయసొచ్చాక ఆమాత్రం మతిమరుపు ఎవరికుండదు? నాకు లేదా?" అని కొట్టిపారేశాడు చిన్నమేస్త్రి. నిజం చెప్పాలంటే ఆ మాట వినడానికే అతనికి ఒళ్ళు ఒప్పలేదు. మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది? మనిషిలో తేడా ఉందంటే, కాదు కాదు బండిలోనే ఉందంటాడు. బండిలో అయితే బాగుచెయ్యొచ్చు కదా, పాపం.

విప్పి చూశాడు. ఛార్జింగుని అదుపు చేసే రెగ్యులేటరు డబ్బాలో, కరెంటు కలిపి విడదీసే పాయింట్లు రెండూ కాలి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పాతసామాను, దాని ఆయుష్షు తీరింది అనుకుని, విడదీసి, ఉప్పుకాగితంతో రుద్ది, బ్యాటరీ షాపుకి తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టి తెచ్చి బిగించాడు. లైటు వెలిగింది. వారం తిరిగేసరికి మళ్ళీ అదే వరస. పాయింట్లు అతుక్కుపోయాయి, డైనమో కాలిపోతున్నంత వేడి. ఈసారి చిన్నమేస్త్రి సీటు కింద వంగి చూశాడు. చూసి అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు.

బ్యాటరీ మైనస్సు బాడీకి ఉంది.

వేరే ఎవడైనా అయితే దాన్ని చూసి, సరిగానే ఉందిగా అని పోయేవాడు. లోకంలో బళ్ళన్నీ అలాగే ఉంటాయి మరి. ఈ బండికి అది శుద్ధ తప్పు. ఆదివారం విప్పి తుడిచి బిగించింది అన్నే, ఇంకెవరూ ముట్టుకోరు. షాపులో రోజంతా మైనస్సు బాడీకి బిగించే చెయ్యి, ఇంటి దగ్గర కూడా అలవాటుగా అలాగే బిగించేసింది. ఆ చేతికి అడ్డం పడి, ఒరేయ్ ఇది నా బండి అని చెప్పాల్సిన మనిషి ఆ వేళకి లోపల లేడు. పోయిన వారం కూడా ఇదే జరిగి ఉంటుందని, తనే చూసుకోకుండా బ్యాటరీ విప్పి తీసుకుపోయాడని చిన్నమేస్త్రికి అప్పుడు తట్టింది.

అన్నకి చెప్పాలా? ఏమని చెప్పాలి? మొట్టికాయలు వేసి నేర్పినవాడి దగ్గరికెళ్ళి, అన్నయ్యా, నీకు ప్లస్సూ మైనస్సూ తెలియడం లేదు అనాలా? ఆయన గుండె ఆగి చస్తాడు. వదినకి చెబితే ఆ సాయంత్రానికే బండి పాతసామాన్ల కొట్టుకి పోతుంది. అతను వైర్లు మళ్ళీ సరిగ్గా బిగించాడు, ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళి, మంచమ్మీద కూర్చుని ఆలోచించి, ఆలోచించి, ఒక ఉపాయం పన్నాడు. ఎంత మంచి ఉపాయమనుకున్నాడో పాపం. అన్న చెయ్యి మారదు సరే, బండినే మార్చేస్తే? ఈ బండికీ మైనస్సే బాడీకి పెట్టేస్తే, ఇక చెయ్యి ఎలా పోయినా తప్పు పడదు.

మర్నాడు షాపులో నెమ్మదిగా కదిపాడు. "అన్నయ్యా, ఆ ఆరు వోల్టులతో ఇంకెన్నాళ్ళు? ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు వేసి పన్నెండు వోల్టులు చేసేద్దాం. లైటు పట్టపగల్లా ఉంటుంది. ఇప్పుడుంది అగ్గిపుల్ల వెలుగు."

"ఆ అగ్గిపుల్ల వెలుగులోనే నీ పెళ్ళిచూపులకి తీసుకెళ్ళానురా నిన్ను. నీ మొహం సరిగ్గా కనపడకే వాళ్ళు ఒప్పుకుని ఉంటారు" అన్నాడు పెద్దమేస్త్రి.

పాత సంగతులు అలా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. అందుకే తమ్ముడికి ఆశ చావలేదు. నాలుగు రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. చివరికి, "సరే ఏడువు. కానీ పైకి ఏదీ మారినట్టు కనపడకూడదు. కొత్త డబ్బాలేవైనా వేలాడితే పీకి నీ మెడలో కడతా" అని ఒప్పుకున్నాడు. ఎర్తు మార్చే సంగతి మాత్రం తమ్ముడు ఎత్తలేదు.

వదిన పెద్దమేస్త్రిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజున పని కానిచ్చాడు. డైనమో దించి, అరిగిపోయిన కార్బన్ బ్రష్షులు మార్చాడు. బ్రష్షులు రాసుకునే రాగి పట్టీల మధ్య మైకా పైకి లేచి ఉంటే, విరిగిన రంపపు బ్లేడుతో ఓపిగ్గా చెక్కాడు. పాత రెగ్యులేటరు డబ్బా ఖాళీ చేసి, కొత్త ఎలక్ట్రానిక్‌ది అందులోనే ఇమిడ్చి మూతపెట్టాడు. పాత బ్యాటరీ పెట్టెలోనే పన్నెండు వోల్టులది. బల్బులు, హారను మార్చాడు. మైనస్సు బాడీకి బిగించాడు. ఇంకొక్కటి మిగిలింది. ఏది ప్లస్సో డైనమో లోపలి ఇనుము గుర్తుపెట్టుకుని ఉంటుంది. దానికి కొత్త వరస నేర్పాలి. బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి డైనమో కొనకి ఒక్క క్షణం తాకించాడు. చిటుక్కున మెరిసింది. అంతే, ఇనుముకి పాతది పోయింది, కొత్తది పట్టింది. మనిషికీ ఇంత తేలిగ్గా అయితే ఎంత బాగుండు అనుకున్నాడు. అమ్మీటరు వైర్లు కూడా అటుదిటు మార్చాడు, ముల్లు అన్నకి అలవాటైన వైపే ఊగాలి కాబట్టి.

చివర్లో అలవాటు చొప్పున ఎర్ర వైరు చుట్ట అందుకున్నాడు. చిన్న ముక్క కత్తిరించి హ్యాండిలు దాకా తీసుకెళ్ళాడు కూడా. కడితే, అన్న చూస్తాడు. ఎందుకు మార్చావురా అంటాడు. చెప్పాల్సి వస్తుంది. అతను ఆ ముక్కని జేబులో వేసుకున్నాడు.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. లైటు చూసి పెద్దమేస్త్రి మురిసిపోయాడు, కానీ ఒప్పుకుంటాడా? "ఫర్వాలేదు, ఎదురొచ్చేవాళ్ళు కళ్ళు మూసుకునేలా ఉంది" అన్నాడు. ప్రతి ఆదివారం చిన్నమేస్త్రి ఏదో వంక పెట్టుకుని వచ్చేవాడు. అన్న బ్యాటరీ విప్పడం, తుడవడం, మైనస్సు బాడీకి బిగించడం టీ తాగుతూ ఓరకంట చూసేవాడు. చెయ్యి అలవాటుగా అటే పోయేది. పోయినందుకు ఊపిరి పీల్చుకునేవాడు, పోయినందుకే ఏడుపూ వచ్చేది. వదిన మాత్రం అతని వంక ఎగాదిగా చూసి, "బాగుచేశావు కదా, ఇంక ఆయన ఎక్కడికి పోయినా వెతుక్కొచ్చే పూచీ నీది" అంది.

ఆ ఆదివారం అతను ఆలస్యంగా వచ్చాడు. వీధిలో ఉండగానే ముక్కుకి కాలిన వాసన తగిలింది. వరండాలో పెద్దమేస్త్రి గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. రెగ్యులేటరు డబ్బా సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. బ్యాటరీ వైరు ఆయన చేతిలోనే ఉంది, లాగి పారేసినట్టున్నాడు. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

"విప్పి చూస్తే మైనస్సు బాడీకి ఉందిరా" అన్నాడు పెద్దమేస్త్రి. గొంతులో తిట్టు లేదు, విరుపు లేదు. "పోయిన వారం నేనే మతిలేక తప్పు బిగించానేమో అనుకున్నా. మన బండికి ప్లస్సు కదా బాడీకి. సరిచేశా. సరిచేసి బిగించానో లేదో, బుస్సుమంది."

ఇన్ని వారాల్లోనూ ఆ ఒక్క పొద్దునే అన్న మనసు అద్దంలా ఉంది. అన్నీ గుర్తున్నాయి. సరిగ్గా చేశాడు.

"మీ వదిన ఎప్పటినుంచో చెబుతూనే ఉంది, నేనే వినిపించుకోలేదు" అన్నాడు పెద్దమేస్త్రి. "తప్పు చేశానని కాదురా. సరిగ్గానే చేశానని ఒట్టేసి చెప్పేవాణ్ణి. ఇప్పటికీ నాకు సరిగ్గానే అనిపిస్తోంది. అదేరా నాకు భయంగా ఉంది." చక్రానికి వేసే గొలుసు తాళం చెవి జేబులోంచి తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఉంచుకో. షాపుకి కూడా ఇక రాను. ఎవడి బండి తగలేస్తానో ఏమో."

వదిన చిన్నమేస్త్రి కళ్ళలోకి చూసింది. ఏమీ అనకు అని ఆ చూపు. ఆవిడకి ఎర్తు సంగతి తెలియదు, కానీ బండి తాళం ఆయన చేతిలోంచి ఊడి వచ్చింది, ఆవిడకి కావలసింది అదే. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. ఇక లారీలు లేవు, కాలవలు లేవు, దారి తప్పడాలు లేవు. చిన్నమేస్త్రి తాళంచెవి గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. అన్న తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, ఎవరివో పరాయివి అన్నట్టు. అది మాత్రం అతను ఓర్చుకోలేకపోయాడు.

"అన్నయ్యా, నువ్వు బిగించింది సరైనదే. మార్చింది నేను. రెగ్యులేటరు వేసిన రోజే మైనస్సు బాడీకి మార్చేశా. నీకు చెప్పలేదు."

పెద్దమేస్త్రి తలెత్తి తమ్ముడి మొహం చూశాడు. తర్వాత లేచి, బండి దగ్గరికెళ్ళి, హ్యాండిలు ఈ కొసనుంచి ఆ కొసదాకా చేత్తో తడిమాడు.

"మరి ఎర్ర వైరేదిరా?"

చిన్నమేస్త్రి తల దించుకున్నాడు. ఆ ముక్కని ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. తీసి చూపించాడు. మొట్టికాయ పడుతుందనుకున్నాడు. పడితే బాగుండుననుకున్నాడు.

"ఓరి వెధవా!" అని పెద్దమేస్త్రి పకపకా నవ్వాడు. "అయితే నేను సరిగ్గానే బిగించానన్నమాట! విన్నావుటే? నేను తప్పు చెయ్యలా!" ఆ నవ్వుకి వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆగాడు. మేస్త్రి కదా, లెక్క తేలకుండా వదలడు. "నాకు చెప్పకుండా ఎందుకు మార్చావు?"

"అంతకుముందు రెండుసార్లు నువ్వు తిరగేసి బిగించావన్నయ్యా. పాయింట్లు అతుక్కుపోయినవి అందుకే. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

పెద్దమేస్త్రి మొహం నేలకేసి కూర్చున్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన లేచి, తమ్ముడి చేతిలోని ఎర్ర ముక్క తీసుకుని, హ్యాండిలుకి తన చేత్తోనే ముడి వేశాడు. ముడి చక్కగా పడింది. "తాళం నీ దగ్గరే ఉండనీ. కొత్త రెగ్యులేటరు తీసుకురా. ఆదివారం బిగించేది నేనే, నువ్వు పక్కన నిలబడు" అన్నాడు.

ఆ మాట ఆయన అన్నాడు. ఆ సాయంత్రమే మర్చిపోయాడు. "నా బండికి గొలుసేసి తాళం ఎత్తుకుపోయిన దొంగవెధవ ఎవడ్రా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. చిన్నమేస్త్రి పరుగెత్తుకొచ్చి, హ్యాండిలుకున్న ఎర్ర ముక్క చూపించి, అంతా మళ్ళీ చెప్పాడు. మళ్ళీ పకపకా నవ్వు, "నేను తప్పు చెయ్యలా!" అని. మళ్ళీ ఉన్నట్టుండి ఆగడం. మళ్ళీ ఆ రెండుసార్ల సంగతి మొదటిసారి విన్నట్టే విని, మొహం నేలకేసి కూర్చోవడం.

అప్పటినుంచి ఆదివారాలన్నీ ఇంతే. బ్యాటరీ విప్పబోతూ ఎర్ర ముక్క చూస్తాడు, ఎవడు మార్చాడురా అంటాడు. తమ్ముడు చెబుతాడు. ఆ మొదటి సగం వినేటప్పుడు అన్న మొహంలో వెలుగు కోసం చిన్నమేస్త్రి ఎంత దూరమైనా నడిచి వస్తాడు. రెండో సగమే అతనికి ప్రాణం మీదికొస్తుంది. పోయిన వారం ఇక తన వల్ల కాదనుకుని సగంలోనే ఆపేశాడు. "నువ్వు బిగించింది సరైనదేనన్నయ్యా. మార్చింది నేనే, ముక్క కట్టకపోవడం నాదే తప్పు" అని ఊరుకున్నాడు.

పెద్దమేస్త్రి నవ్వాడు. హాయిగా, తనివితీరా నవ్వాడు. వరండాలో ఎండ పడింది, వదిన టీ తెచ్చి పెట్టింది. ఆయన కొనలు గీకి, తుడిచి, మైనస్సు బాడీకి బిగించి, నట్టు చివరిసారి తిప్పి, తృప్తిగా తలాడించాడు. లేచి గోనెపట్టా దులిపి మడిచాడు.

"అయితే తప్పు నాది కాదు కదా. మరి నా తాళంచెవి నీ దగ్గరెందుకుందిరా?" అని చెయ్యి చాపాడు.

చిన్నమేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.